సుగ్గి నుంచి తిరిగొచ్చే పిల్లలకు బడి ఏం చేయగలదు? – మా బడి అనుభవం, మీ సలహాలు

పడమటి కర్నూలు తెలుగు టీచర్

సభ్యులందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద మండలాలు ఎరిగినవారికి మా బడి పరిస్థితిని విడమరచి చెప్పనక్కరలేదు. తుంగభద్ర పక్కనే పారుతున్నా చాలా పల్లెల్లో సేద్యానికి వానే దిక్కు. పత్తి తీత ముగిసి చేలల్లో పని అయిపోగానే కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి, వంట సామాను, దుప్పట్లు మూట కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు తరలిపోతాయి. దీన్నే మా వైపు సుగ్గికి పోవడం అంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లినవారిలో చాలామంది ఉగాది దాటాక గానీ ఊరికి చేరరు. అంటే మా పిల్లలు విద్యా సంవత్సరంలో చివరి మూడు, నాలుగు నెలలు, సరిగ్గా పాఠాలు బరువెక్కే కాలంలో, బడికి దూరమవుతారు.

జూన్ 12న బడి తెరిచినప్పుడు వీళ్లు పై తరగతిలోకి వచ్చి కూర్చుంటారు. పుస్తకం మారుతుంది, కానీ చదువు మాత్రం డిసెంబరులో ఆగిన చోటే ఉంటుంది. అందుకే ఈ ఏడాది మేము మొదటి రెండు వారాలు కొత్త పాఠాల జోలికి వెళ్లలేదు. ఆరు నుంచి తొమ్మిది వరకు ప్రతి విద్యార్థిని ఒక్కొక్కరిగా పిలిచి, అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అనే క్రమంలో చదివించి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో రాసుకున్నాము. ప్రథమ్ సంస్థ పరిచయం చేసిన పద్ధతి ఇదే. ప్రాథమిక తరగతుల కోసం రూపొందినదైనా మాకు ఉన్నత పాఠశాలలో కూడా అవసరపడింది. ప్రతిరోజూ ఉదయం మొదటి పీరియడ్‌లో తరగతి గోడలు లేకుండా, చదివే స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెడుతున్నాము. ఏడో తరగతి అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకే పేరా దగ్గర కూర్చుంటే చిన్నబుచ్చుకుంటారేమోనని భయపడ్డాము. ఆ గుంపులకు స్థాయి పేర్లు పెట్టకుండా హంద్రీ, వేదావతి, తుంగభద్ర అని నదుల పేర్లు పెట్టడంతో ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

ఇక్కడ ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఏడో తరగతి. పేరా చదవమంటే రెండో వాక్యం దగ్గర గొంతు ఆగిపోయేది. అదే అమ్మాయిని మా లెక్కల ఉపాధ్యాయుడు "అమ్మ ఒక రోజు ఇన్ని కిలోలు కోసింది, కిలోకు ఇంత కూలి, మేస్త్రీ ముందే ఇచ్చిన బాకీలో ఇంత పట్టుకున్నాడు, చేతికి ఎంత వస్తుంది?" అని అడిగితే కాగితం ముట్టుకోకుండా జవాబు చెప్పింది. కాటా దగ్గర తల్లి తరఫున లెక్క చూసుకునేది ఆ పిల్లేనట. ఆ రోజు నుంచి ఆమెకు తెలుగు పాఠం కూడా కాటా చీటీతోనే మొదలుపెట్టాను. చీటీలో ఉన్న మాటలు, తర్వాత ఆ మాటలతో చిన్న వాక్యాలు, తర్వాత కోత చేనును గురించి ఆమే చెప్పిన నాలుగు మాటలను నేను రాసి ఆమెతో చదివించడం. ఇప్పుడు పేరా దాటి కథల పుస్తకం పట్టుకుంటోంది.

చదువుతో పాటు మరో రెండు పనులు చేశాము. శనివారం మధ్యాహ్నం బాలసభలో సుగ్గి నుంచి వచ్చిన పిల్లలు తాము చూసిన ఊళ్ల గురించి మాట్లాడతారు. సాయంత్రం వేళ ఊరి పెద్దాయన ఒకరు వచ్చి చెక్కభజన నేర్పుతున్నారు. తరగతిలో నోరు విప్పని పిల్లలు చేతికి చెక్కలు ఇవ్వగానే తాళం తప్పకుండా అడుగు వేస్తుంటే, ఇన్నాళ్లూ వీళ్లను మేము చదువు రానివారిగానే చూశామే అనిపించింది. నా అభిప్రాయంలో తిరిగొచ్చిన పిల్లవాడికి మొదట కావలసింది బడిలో తనకంటూ ఒక చోటు. ఆ చోటు దొరికితే చదువు దానంతట అది మొదలవుతుందని కాదు, కానీ చోటు లేకపోతే ఎంత మంచి పాఠమైనా వాడిని నిలపలేదు.

ఇలాంటి బడుల్లో పనిచేసేవారు ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ముఖ్యంగా నవంబరులోపు, అంటే మళ్లీ ప్రయాణాలు మొదలయ్యేలోపు, మేము ఏం చేసిపెట్టుకోవాలో చెప్పగలరు.

అనంత లెక్కల మాష్టారు

మేడం గారూ, మీ శ్రద్ధ చాలా గొప్పది. అయినా నా సందేహాన్ని దాచుకోకుండా అడుగుతాను. నేను అనంతపురం జిల్లాలో పదో తరగతికి లెక్కలు చెబుతాను. మా వైపు నుంచి బెంగళూరు నిర్మాణ పనులకు వలసలు ఎక్కువ. తిరిగొచ్చిన పిల్లవాడికి మార్చిలో పబ్లిక్ పరీక్ష ఉంటుంది. వాడికి మిగిలింది కొద్ది నెలలు మాత్రమే. ఆ కాలంలో సాయంత్రాలు చెక్కభజనకు, శనివారాలు బాలసభకు ఇస్తే, వాడు తప్పిపోయిన అధ్యాయాలను ఎప్పుడు పూర్తిచేస్తాడు? నేను ఆటపాటలకు వ్యతిరేకిని కాను. కానీ పదో తరగతి తప్పిన పిల్లవాడు మరుసటి రోజే కూలికి వెళ్తాడు, ఆడపిల్ల అయితే పెళ్లి మాటలు మొదలవుతాయి. ఆ ఒక్క మెట్టు దాటించడం మిగతావాటన్నిటికంటే ముఖ్యమని నా అనుభవం.

పడమటి కర్నూలు తెలుగు టీచర్

మాష్టారు గారూ, మీరు అడిగినది న్యాయమైన ప్రశ్న. పదో తరగతి పిల్లలకు మా దగ్గర కూడా సాయంత్రాలు ప్రత్యేక తరగతులే ఉన్నాయి, వాళ్లు చెక్కభజనకు వారంలో ఒక్కరోజే వస్తారు. నేను ప్రధానంగా మాట్లాడుతున్నది ఆరు నుంచి తొమ్మిది వరకు. పదో తరగతికి వచ్చేసరికి మనకు కనిపించేది ఆ నాలుగేళ్లలో పేరుకుపోయిన లోటే. పల్లెల్లో పిల్లల చదువుపై ప్రథమ్ చేసే సర్వే అసర్ 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే, 2022లో అది 16.3 శాతం. పెరిగింది నిజమే, అయినా మిగిలిన ముప్పాతిక మంది ఎక్కడికీ పోరు, అదే లోటుతో మన ఆరో తరగతికి వస్తారు. పైగా ఏటా మూడు నెలలు దూరమయ్యే పిల్లవాడి విషయంలో ఆ లోటు ఇంకెంత పెరుగుతుందో ఊహించండి. పదో తరగతి ప్రత్యేక ప్రణాళికలు అప్పటికి కూడబలుక్కుని చదవగలిగినవాడినే గట్టెక్కిస్తాయి.

బడి కమిటీ తండ్రి

అందరికీ నమస్కారం. నేను టీచరును కాను. నా ఇద్దరు పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుతున్నారు, బడి యాజమాన్య కమిటీలో సభ్యుడిని. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి మాలాంటి వాళ్లకు కూర్చునే అవకాశం వచ్చింది. నేను, నా భార్య ఏడెనిమిది ఏళ్లుగా సుగ్గికి వెళ్తున్నాము. పిల్లలను ఎందుకు తీసుకెళ్తారని టీచర్లు అడిగినప్పుడల్లా మాకు కష్టంగా ఉంటుంది, అందుకే ఆ మాట ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మేము వెళ్లేది సరదాకు కాదు. వానాకాలంలో విత్తనాలకు, మందులకు చేసిన అప్పు తీర్చాలి. మేస్త్రీ ముందే డబ్బు ఇస్తాడు, అది తీసుకున్నాక వెళ్లక తప్పదు. చిన్నపిల్లవాడు ఇంకా తల్లిని వదలలేడు, వాడిని చేను గట్టు మీద చూసుకోవడానికి పెద్దపిల్ల కావాలి. పద్నాలుగేళ్ల ఆడపిల్లను ముసలి అవ్వ దగ్గర ఒంటరిగా వదిలిపెట్టి వెళ్తే రాత్రిళ్లు అక్కడ మాకు నిద్ర పట్టదు. ఆ భయంతోనే కొందరు తొందరపడి పెళ్లి చేసేస్తున్నారు. పద్దెనిమిదేళ్లు నిండకుండా చేయడం నేరమని అందరికీ తెలుసు, తెలిసినా భయం ముందు చట్టం గుర్తుకు రాదు.

వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం బడిలోనే సీజనల్ హాస్టల్ పెట్టడం మంచి ఏర్పాటు. పిల్లలు రాత్రి అక్కడే ఉండి, పూటకింత తిని చదువుకుంటారు. కానీ మేము ఊరు వదిలిన తర్వాత హాస్టల్ తెరిస్తే ఏం ఉపయోగం? మా ఊళ్లో ఒక ఏడాది అలాగే ఆలస్యమైంది. అప్పటికే బండ్లు ఎక్కి వెళ్లిన వాళ్లు పిల్లలను వెనక్కు పంపలేదు. మేము బయలుదేరే రోజున హాస్టల్ తలుపు తెరిచి ఉండాలి, లోపల దీపం వెలుగుతుండాలి, అక్కడ పడుకునే ఆడమనిషి ఎవరో మా ఆవిడ కళ్లారా చూడాలి. అప్పుడే పిల్లను వదిలి వెళ్లగలుగుతాము.

సుగ్గి ఊరి డిగ్రీ విద్యార్థి

పై పెద్దలు రాసినది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను అలాంటి సీజనల్ హాస్టల్‌లోనే ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు గడిపి, ఇప్పుడు కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను.

పగలు ఫరవాలేదు, కష్టమంతా సాయంత్రమే. బడి వదిలాక ఊళ్లో ఉన్న పిల్లలు ఇళ్లకు పోతారు, మేము అదే బడిలో మిగిలిపోతాము. చీకటి పడే వేళకు చిన్నవాళ్లు ఒకరు మొదలుపెడితే అందరూ ఏడ్చేవాళ్లు. మా దగ్గర ఉన్న ఆయమ్మ ఒక పద్ధతి పెట్టింది. రోజూ రాత్రి భోజనాల తర్వాత ఇద్దరు పిల్లల చొప్పున ఆమె ఫోన్ నుంచి గుంటూరులో ఉన్న తల్లిదండ్రులతో మాట్లాడించేది. వరుస ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించింది. మన వంతు ఎప్పుడో ముందే తెలిస్తే ఆ రోజు దాకా ఓర్చుకోవచ్చు, తెలియకపోతే ప్రతి రాత్రీ ఎదురుచూపే. దయచేసి హాస్టల్ నడిపేవారు ఈ ఒక్కటి పాటించండి, దీనికి ఖర్చేమీ లేదు.

రెండోది ఖోఖో. మా పీఈటీ సారు సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా హాస్టల్ పిల్లలందరినీ ఖోఖో ఆడించేవారు. జట్టులో తొమ్మిది మంది దిగాలి, అందువల్ల ఆడనని ఎవరూ పక్కకు కూర్చునే వీలుండేది కాదు. అలసిపోయి తిని పడుకుంటే ఏడుపు రాదు. లెక్కల మాష్టారు గారికి గౌరవంతో ఒక మాట చెబుతాను: నేను బడి మానకపోవడానికి ఆ ఆటే కారణం, చదువు మీద ఇష్టం తర్వాత వచ్చింది.

మూడోది డబ్బు సంగతి. ఎనిమిదో తరగతిలో మా సైన్స్ టీచరు నాతో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయించారు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా కేంద్రం ఇచ్చే ఉపకార వేతనంగా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల లోపు ఉన్న ప్రభుత్వ బడి పిల్లలు రాయవచ్చు. ఆ పరీక్ష మా వైపు సుగ్గి ప్రయాణాల కాలానికి దగ్గరగా పడుతుంది కాబట్టి, రాయగల పిల్లల పేర్లు దరఖాస్తు గడువు నాటికే కాకుండా పరీక్ష రోజు దాకా గుర్తుపెట్టుకుని, ఆ ఒక్క రోజైనా పిల్లవాడు ఊళ్లో ఉండేలా తల్లిదండ్రులతో మాట్లాడాలి. నాకు ఆ డబ్బు మొదటిసారి పడినప్పుడు మా నాన్న మరుసటి ఏడాది నన్ను కోతకు రమ్మని అడగలేదు.

గుంటూరు పల్లె బడి

పడమటి కర్నూలు మేడం గారికి, మిత్రులకు నమస్కారం. మీ పిల్లలు చేరే చోటనే నేను పనిచేస్తున్నాను కాబట్టి ఇటువైపు సంగతులు రాస్తాను.

మా మండలంలో సంక్రాంతి దాటగానే మిరప చేల పక్కన ప్లాస్టిక్ పట్టాలతో గుడారాలు లేస్తాయి. పెద్దలు తెల్లవారుజామునే చేలోకి దిగుతారు. కల్లంలో కాయలు ఎండుతున్న చోట ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని తాలు కాయలు ఏరుతుంటారు. ఆ ఘాటు అలవాటు లేనివారు నిమిషం నిలబడలేరు. ఒక పిల్లవాడు మా బడికి వచ్చిన మొదటి రోజు పలక మీద రాస్తూ రాస్తూ కన్ను నులుముకుని, మంట తాళలేక పీరియడంతా ఏడ్చాడు. అప్పటి నుంచి కోత పిల్లలు తరగతిలోకి రాకముందే సబ్బుతో చేతులు రుద్ది కడుక్కునేలా చూస్తున్నాము, కొళాయి దగ్గరే సబ్బు కట్టి ఉంచాము. ఇది చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. ఆ చేతులతోనే అన్నం తింటారు.

చట్టం మన పక్షాన ఉంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ రాలేదనే కారణంతో ప్రవేశాన్ని ఆలస్యం చేయకూడదు, నిరాకరించకూడదు. 4వ సెక్షన్ వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, అవసరమైతే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెబుతుంది. కాబట్టి మీ పిల్లవాడు జనవరిలో వచ్చి నిలబడితే మేము కాదనలేము, కాదనము కూడా. అసలు చిక్కు మరోచోట ఉంది. పిల్లవాడు ఏ తరగతి, ఎంతవరకు చదవగలడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు, ఏవైనా మందులు వాడుతున్నాడా అన్నది మాకు చెప్పేవారు ఉండరు. తల్లిదండ్రులు పొద్దున్నే చేలో ఉంటారు. పిల్లవాడు సిగ్గుతో మాట్లాడడు. వాడిని అర్థం చేసుకునేసరికి కోతలు అయిపోతాయి.

గద్వాల సైన్స్ టీచర్

మా వైపు పరిస్థితి కొంచెం తేడా. జోగులాంబ గద్వాల జిల్లాలో విత్తన పత్తి సాగు ఎక్కువ. వలస లేకపోయినా పిల్లలు ఊళ్లో ఉంటూనే బడికి దూరమవుతారు. సాయంత్రం మొగ్గలు విప్పి మగ భాగాలు తీసివేయాలి, మరునాడు పొద్దున ఆ పూలకు పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ పని అంటారు. పొద్దున పూట పని కాబట్టి సరిగ్గా బడి వేళకే చేను పిలుస్తుంది. చిన్న వేళ్లు సున్నితంగా పనిచేస్తాయన్న పేరుతో ఆడపిల్లలనే ఎక్కువగా దించుతారు. ఆగస్టు నుంచి రెండు మూడు నెలలు మా హాజరు పట్టీ చూస్తే మనసు కలుక్కుమంటుంది.

మేము చేసిన వాటిలో ఒకటి ఉపయోగపడింది. ఆ అమ్మాయిలకు పరాగ సంపర్కం పాఠం చెప్పేటప్పుడు నేను చెప్పడం మానేసి వాళ్లతోనే చెప్పించాను. మొగ్గను ఏ వయసులో విప్పాలి, కేసరాలు ఎలా తీయాలి, పుప్పొడి ఏ వేళకు అద్దితే కాయ నిలుస్తుంది అన్నది వాళ్లు పువ్వు చేతపట్టి చూపించారు. ఆ పని చేయడం మంచిదని చెప్పకుండా, ఆ చేతికి వచ్చిన జ్ఞానం మాత్రం విలువైనదని గుర్తించడం సాధ్యమేనని నాకు ఆ రోజు తెలిసింది. వాళ్లలో ఒకరు ఇన్‌స్పైర్ మానక్‌కు తన ఆలోచన రాసి పంపింది. అది బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే పురస్కారం, ఎంపికైతే నమూనా తయారీకి పదివేల రూపాయలు విద్యార్థి ఖాతాలో పడతాయి. కర్నూలు మేడం గారూ, మీ పిల్లల్లో మిరప కోతకు వేలి తొడుగు గురించో, కాయ తెంపే చిన్న పనిముట్టు గురించో ఆలోచించేవారు తప్పకుండా ఉంటారు. అడిగి చూడండి.

ఇంకో మాట. రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ 1990ల నుంచి బాలకార్మికులను బ్రిడ్జి క్యాంపుల (తరగతి స్థాయికి సిద్ధం చేసే వసతి శిబిరాల) ద్వారా బడికి తెచ్చిన పని ఈ చర్చకు దగ్గరగా ఉంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ పనిలో ఉన్నట్టేనని వారు పట్టుబట్టారు. ఆ సంస్థకు నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. పేదరికం పోయేదాకా పిల్లలు పనిచేయక తప్పదన్న మాటను ఆ పని ఊరూరా తిరిగి తప్పని చూపించింది. అయినా పై తండ్రిగారు రాసినది చదివాక, తల్లిదండ్రులను తప్పుపట్టి ఈ పని జరగదని కూడా ఒప్పుకోవాలి.

ఏఎన్‌ఎం, ఆదోని డివిజన్

ఆరోగ్యం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మేము బడులకు వారానికి ఒకటి చొప్పున నీలం రంగు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తాము, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇస్తాము. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే తరగతిలో కూర్చున్న ప్రతి పదిమంది పెద్ద ఆడపిల్లల్లో సుమారు ఆరుగురు. పాఠం వినేటప్పుడు కళ్లు తిరుగుతున్న పిల్లను సోమరి అని అనవద్దని టీచర్లకు నా మనవి.

సుగ్గికి వెళ్లిన పిల్లలకు ఈ మాత్రలు మధ్యలో ఆగిపోతాయి. తిరిగొచ్చాక ఖాళీ కడుపుతో వేసుకుని వాంతి చేసుకుంటే, ఇక ఆ మాత్ర అంటేనే భయం పెట్టుకుంటారు. అందుకే మధ్యాహ్న భోజనం తర్వాత, టీచరు ఎదురుగానే మింగించాలి. మలం నల్లగా రావడం సహజమని ముందే చెప్పాలి, లేకపోతే ఇంట్లో కంగారుపడి మాన్పిస్తారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు తినని పిల్లలు ఎవరో వంట చేసే అమ్మను అడగండి, ఆమెకు మీకంటే బాగా తెలుసు.

నెలసరి గురించి కూడా చెప్పాలి. గుడారాల్లో మరుగు ఉండదు, నీళ్లు ఉండవు. అక్కడి నుంచి వచ్చిన ఆడపిల్లల్లో కొందరు మూత్రంలో మంట, దురదలతో వస్తారు, ఎవరికీ చెప్పరు. బడిలో ఒక మహిళా టీచరు తలుపు వేసి పది నిమిషాలు మాట్లాడితే నాతో చెప్పనివి ఆమెతో చెబుతారు. దిగులు, భయం, రాత్రి ఉలిక్కిపడటం లాంటివి కనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలపై హింస, లైంగిక వేధింపు, బాల్యవివాహం అనుమానం ఉంటే పిల్లల సహాయవాణి 1098. ఈ రెండు నంబర్లూ ప్రధానోపాధ్యాయుల గదిలో కాకుండా ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు రాయించండి. ఎవరూ చూడకుండా చదువుకోగలిగేది అక్కడే.

అనంత లెక్కల మాష్టారు

డిగ్రీ చదువుతున్న తమ్ముడు రాసినది, ఏఎన్‌ఎం గారు రాసినది రెండుసార్లు చదివాను. పదో తరగతి విషయంలో నా అభిప్రాయం మారలేదు, ఆ మెట్టు దాటించడానికి ప్రత్యేక సమయం ఉండి తీరాలి. అయితే ఆట వల్ల పిల్లవాడు బడిలో నిలుస్తాడన్న మాటను నేను కాదనలేను. జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలకు పది బ్యాగు లేని రోజులు ఉండాలని చెప్పింది. ఆ పది రోజులనూ వడ్రంగి, తోటపని లాంటి చేతిపనులకు వాడమని ఉద్దేశం. మన పిల్లలకు పని కొత్తగా నేర్పనక్కరలేదు కాబట్టి ఆ రోజులను ఆటకు, పాటకు, నాటకానికి ఇవ్వడమే సబబని నాకు తోస్తోంది. కాటా చీటీతో లెక్క చెప్పించిన పద్ధతిని మా ఎనిమిదో తరగతిలో మేస్త్రీ కూలి లెక్కలతో ప్రయత్నిస్తాను. శాతాలు, బాకీ, వడ్డీ అన్నీ అందులోనే ఉన్నాయి.

పెద్దపల్లి వలంటీరు

మాది ఇటుక బట్టీల ప్రాంతం. ఇక్కడికి ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. బట్టీల దగ్గర పని స్థలం బడుల్లో ఒడియా పుస్తకాలు పెట్టి, ఒడియా తెలిసినవారితో చెప్పించిన సందర్భాల్లో పిల్లల ముఖాలు వెంటనే విప్పారడం చూశాను. తెలుగు మాత్రమే చెప్పినప్పుడు వాళ్లు నెలలు గడిచినా మూల కూర్చునేవారు. కర్నూలు పడమటి పల్లెల్లో చాలా ఇళ్లలో కన్నడం మాట్లాడతారని విన్నాను. గుంటూరు టీచరు గారు పిల్లవాడు సిగ్గుతో మాట్లాడడని రాశారు. అది సిగ్గు కాకుండా భాష కూడా అయి ఉండవచ్చు.

గుంటూరు పల్లె బడి

మీరు చెప్పింది నిజం. నిరుడు మా దగ్గర ఇద్దరు అన్నదమ్ములు నేను ఏది అడిగినా తల ఊపేవారే తప్ప జవాబు చెప్పేవారు కాదు. గుడారం దగ్గరకు వెళ్తే వాళ్లు అమ్మతో కన్నడంలో గలగలా మాట్లాడుతున్నారు. ఇలాంటి విషయం ఎవరైనా ముందే ఒక కాగితం మీద రాసి పంపితే మాకు నెల రోజులు కలిసివచ్చేవి.

పడమటి కర్నూలు తెలుగు టీచర్

ఈ కాగితం మాటను పట్టుకుని మా బడిలో నిన్న ఉపాధ్యాయులమంతా కూర్చుని ఒక చీటీ తయారుచేశాము. అక్టోబరు మొదటి వారంలో కమిటీ సభ్యులు, సీఆర్‌ఎంటీ (చుట్టుపక్కల బడులు తిరిగే ఉపాధ్యాయుడు) కలిసి ఇంటింటికీ వెళ్లి ఎవరు బయలుదేరుతున్నారో, ఏ మండలానికి, ఏ మేస్త్రీ వెంట వెళ్తున్నారో రాసుకుంటారు. ఎవరిని సీజనల్ హాస్టల్‌లో వదలగలరో, ఏ ఆడపిల్లకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు అడగాలో అప్పుడే తేలుతుంది. హాస్టల్ అనుమతుల కోసం ఈ జాబితాను ఎంఈవో గారికి అక్టోబరులోనే ఒక ముసాయిదాగా ఇస్తాము, తండ్రిగారు చెప్పినట్టు బండ్లు కదిలే నాటికి తలుపు తెరిచి ఉండాలంటే అదొక్కటే దారి.

తప్పనిసరిగా వెళ్లే పిల్లల సంచీలో ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒక చీటీ పంపుతాము. అందులో పేరు, తరగతి, యూడైస్ పెన్ నంబరు (బడి మారినా విద్యార్థికి మారని గుర్తింపు సంఖ్య), ఇంటి భాష, తెలుగులో చదివే స్థాయి, లెక్కల్లో ఎక్కడిదాకా వచ్చిందీ, ఐరన్ మాత్రలు ఎప్పటిదాకా వేసుకున్నదీ, పిల్లవాడికి ఏది ఇష్టమో ఒక వాక్యం, మా ప్రధానోపాధ్యాయుల ఫోన్ నంబరు ఉంటాయి. ఇష్టం గురించిన ఆ వాక్యాన్ని పిల్లలతోనే రాయిస్తున్నాము. కాటా లెక్కల అమ్మాయి "నాకు చెక్కభజన వచ్చు, మీ బడిలో ఉంటే ఆడిస్తారా" అని రాసింది. గుంటూరు మాష్టారు గారూ, ఈ చీటీలో ఇంకా ఏం ఉండాలో చెప్పండి.

గుంటూరు పల్లె బడి

మేడం గారూ, మూడు విషయాలు చేర్చండి. ఒకటి, మేస్త్రీ ఫోన్ నంబరు. గుడారం ఒక చేను నుంచి మరో చేనుకు మారినప్పుడు పిల్లవాడు ఎక్కడున్నాడో తెలిసేది అతనికే. రెండు, ఆ పిల్లవాడు చంకన ఎత్తుకుని వచ్చే తమ్ముడో చెల్లెలో ఉన్నారా అన్నది. ఉంటే అంగన్‌వాడీ టీచరుతో మేము ముందే మాట్లాడి పెడతాము, లేకపోతే చిన్నబిడ్డ కోసం పెద్దపిల్ల గట్టు మీదే ఉండిపోతుంది. మూడు, పెన్ నంబరు పక్కన "కొత్త పేరుగా నమోదు చేయవద్దు" అని ఒక మాట రాయండి, రెండు చోట్లా రెండు పేర్లతో నమోదైతే జూన్‌లో మీకే ఇబ్బంది.

చీటీ వెనుక వైపు ఖాళీగా ఉంచండి. మార్చి చివర పిల్లలు బయలుదేరే ముందు ఇక్కడ ఏ పాఠాలు అయ్యాయో, ఎంత చదవగలుగుతున్నారో, ఎన్ని రోజులు వచ్చారో మేము అక్కడ రాసి సంతకం పెట్టి పంపుతాము. చెక్కలు మా ఊళ్లో దొరకవు, ఆ అమ్మాయి వచ్చేటప్పుడు రెండు జతలు తెచ్చుకోమనండి. మా ఐదో తరగతి పిల్లలు కూడా నేర్చుకుంటారు.